మేయరుగారి మెడలో లేసు

నేను ఒక లేసు ముక్కను. శుభవార్త వచ్చిన ఉదయం నేను మారియన్ నెత్తిమీద ఉన్నాను. పెళ్ళయి నెల కూడా కాలేదు కదా, ఆ ఇంట్లో ఏ వస్తువూ ఉండాల్సిన చోట ఉండేది కాదు. రొట్టె కాలుతుంటే ఆమె నన్ను మేలిముసుగులా వేసుకుని వంటింట్లో గిరగిరా తిరుగుతోంది, గిల్బర్ట్ చెంచాతో కప్పు మీద తాళం వేస్తున్నాడు. అప్పుడే ఫోను మోగింది.

"మేయరునట!" అన్నాడు గిల్బర్ట్, ఫోను పెట్టేసి. "మారియన్, వచ్చే ఏడాదికి నన్నే ఎన్నుకున్నారు!"

ఆమె కెవ్వుమని అరిచి అతని మెడకు చుట్టుకుంది. రొట్టె మాడిపోయింది. దాన్నే వెన్న దట్టించుకుని నవ్వుతూ తిన్నారు. అంత మాడు రొట్టెను అంత ఇష్టంగా తినే మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు.

నేను పుట్టింది మాత్రం అక్కడికి చాలా దూరంలో, నరసాపురం దగ్గర ఒక కాలవగట్టు మీద. రత్నావతి అనే ఆమె నన్ను అల్లింది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు ఒక పువ్వు, బిడ్డ నిద్రపోతే రెండు ఆకులు. పక్కన కూర్చుని ఆమె ఆడపడుచు సూరమ్మ ఊరికే ఉండేది కాదు.

"ఏ దొర మెడకి కడతారో గానీ వదినా, ఈ పనితో మన మెడలు మాత్రం పట్టేశాయి."

"దొర మెడకే కట్టనీ, ఒక ముక్క మిగిలితే నీ నోటికి కడతాను," అనేది రత్నావతి.

అక్కడి నుంచి కొచ్చిలో ఒక కొట్టుకు చేరాను. హనీమూనుకు వచ్చిన మారియన్ నన్ను చూసి ఆగిపోయింది. కొట్టువాడు నన్ను ఆమె భుజం మీద వేసి, "మేడమ్, మీకోసమే అల్లినట్టుంది" అన్నాడు. అందరితోనూ అదే అంటాడని నాకు తెలుసు. ఆమెకు తెలిసినా నమ్మేది. ఆ వారం ఎవరు ఏది చెప్పినా నమ్మేంత సంతోషంలో ఉంది ఆమె.

ఇక గిల్బర్ట్ ట్రస్కాట్ సంగతి. ఇంగ్లండులో హేజల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో కూరగాయల కొట్టు నడిపేవాడు. బస్సు స్టాపు పైకప్పు కారుతోందని పదిమంది ఫిర్యాదు చేస్తుంటే, ఇతను నిచ్చెన తెచ్చి రేకు బిగించాడు. ఆ ఒక్క రేకుతో కౌన్సిలరు అయ్యాడు. మంచివాడే. కాకపోతే జనం చప్పట్లు కొడితే ఆగలేడు. కొట్టులో కూడా ఎవరైనా యాపిల్ బాగుందంటే, తన చేత్తో పెంచినట్టు మాట్లాడేవాడు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. కొత్త మేయరు ప్రమాణం చేసే రోజు మెడ కింద తెల్లటి లేసు జాలువారాలి. దాన్ని ఊరి ఆడవాళ్ళే టౌనుహాలు మేడ మీది లేసు గదిలో కూర్చుని చేయాలి. ఒకప్పుడు ఆ గదినిండా జనమట. ఇప్పుడు డొరొథీ పెల్, ఆవిడ ముగ్గురు స్నేహితురాళ్ళు, మొత్తం నలుగురు. ఆ గదిలో రెండు చలికాలాలుగా హీటరు పనిచేయడం లేదు. కౌన్సిలుకేమో దాన్ని కాఫీ హోటలుకు అద్దెకివ్వాలని ఉంది. నలుగురూ కలిసి ఒట్టు పెట్టుకున్నారు: హీటరు బాగుచేసేదాకా ఏ మేయరుకూ ఒక్క పోగు కూడా అల్లకూడదని.

ప్రమాణం రోజు దగ్గరపడింది. అల్మరా తెరిచిన గిల్బర్ట్ కంట నేను పడ్డాను. బోసి మెడతో వెళ్ళడం కంటే ఇది నయం అనుకున్నాడు, అంతే. అప్పటికి అందులో దురుద్దేశం లేదు.

వేదిక మీద, పదవి దిగిపోతున్న పాత మేయరు, "అబ్బ, ఎంత బాగుంది! మనవాళ్ళేనా చేసింది?" అని మైకులో అడిగాడు. గిల్బర్ట్ గుండె నా వెనక టకటకా కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"మనవాళ్ళే," అన్నాడు గిల్బర్ట్. అక్కడితో ఆగితే బాగుండేది. చప్పట్లు మొదలయ్యాయి. "గది కూడా అక్కర్లేకుండా, ఇంట్లో కూర్చునే చేశారు!"

నాకు నోరు లేదు. అంత అందంగా ఉన్నందుకు జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు, నన్నే మెచ్చుకుంటున్నారు. నేనేమో ఒక అబద్ధానికి సాక్ష్యంగా తళతళలాడుతున్నాను.

వెనక వరసలో ఆ నలుగురూ ఉన్నారు. అబద్ధమని లేచి అరవవచ్చు కదా అంటారేమో. వాళ్ళకు అది అబద్ధమని తట్టలేదు. డొరొథీ పక్కనున్న ఆవిడ వైపు చూసింది. ఆవిడ తన పక్కావిడను చూసింది. మిగతా ముగ్గురిలో ఎవరో ఒట్టు తప్పి, దొంగచాటుగా మేయరుకు అల్లిపెట్టారని నలుగురూ ఎవరికి వారు అనుకున్నారు. ఇంకో ఊళ్ళో అయితే అక్కడే జుట్లు పట్టుకుని తేల్చుకునేవారు. హేజల్‌ఫర్డ్‌లో అలా నేరుగా అడగడం మర్యాద కాదు. ఒకరికొకరు వాతావరణం గురించి రెండు మాటలు చెప్పుకుని ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత కలవడమే మానేశారు. గదికి తాళం పడింది. మేయరుగారే అక్కర్లేదన్నారు కదా అని, కౌన్సిలు హోటలు ప్రతిపాదన బయటికి తీసింది.

వేదిక మీద ఆ మాట అన్నప్పుడు మారియన్ హాలు వెనక వంటగదిలో శాండ్‌విచ్‌లు సర్దుతోంది. ఆమెకేమీ తెలియదు. తెలియదు కాబట్టే వేసవిలో ఒక రోజు కొట్టుకు వచ్చిన డొరొథీతో మురిసిపోతూ చెప్పింది.

"ఆ లేసు నేను కొచ్చిలో కొన్నానండీ! కొట్టువాడు నా భుజం మీద వేసి చూపించాడు. పెళ్ళయ్యాక నేను కొన్న మొదటి వస్తువు అదే, తెలుసా?"

డొరొథీ చేతిలోని ఉల్లిపాయను తిరిగి బుట్టలో పెట్టేసింది. "కొచ్చిలోనా?" అంది. "అయితే మాలో ఎవరూ..." మాట పూర్తి చేయకుండానే బయటికి నడిచింది.

ఆ మాట ఊరంతా పాకింది. ఆ వారం స్థానిక పత్రికలో మొదటి పేజీ నిండా నా ఫొటో. కింద 'లేసు మేయరు' అని ఎగతాళి. పిల్లలు కాగితం నాప్కిన్లు మెడకు కట్టుకుని కొట్టు ముందు ఊరేగారు. పార్టీవాళ్ళు వచ్చి, "పొరపాటున దొర్లిన మాట అని చెప్పు, వారంలో మర్చిపోతారు" అని సలహా ఇచ్చారు.

గది విషయం ఓటుకు వచ్చే ముందురోజు సాయంత్రం. వంటింట్లో బల్ల మీద నేను, నాకు అటూ ఇటూ వాళ్ళిద్దరూ.

"పొరపాటే అంటావా?" అని అడిగింది మారియన్.

"అందరూ అదే చెప్పమంటున్నారు."

"నాతో కూడా అదే చెబుతావా?"

గిల్బర్ట్ నన్ను వేలితో తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "లేదు. తెలిసే అన్నాను. చప్పట్లు వినపడ్డాయి, అనేశాను. రేపు సభలో అదే చెప్పి, గది ఉంచమని అడిగి, పదవి గుర్తుగా మెడలో వేసిన మేయరు గొలుసు తీసి ఇచ్చేసి దిగిపోతాను."

"అది సరే. ఆ నలుగురి సంగతో? డొరొథీ మిగతావాళ్ళను అడిగిందట. మమ్మల్ని అనుమానించావా అని వాళ్ళకు ఇంకా కోపం వచ్చిందట. నిజం తెలిశాక కూడా ఒకరి ముఖం ఒకరు చూడలేకపోతున్నారు, గిల్బర్ట్. నువ్వు గొలుసు తీసేస్తే అది పోతుందా?"

అతను లేచాడు. కుళాయి కింద ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆ తడి ముఖంలో మేయరు లేడు. చిక్కుడుకాయలు తూచే మనిషే ఉన్నాడు.

"సభ పదకొండింటికి," అన్నాడు. "గది తాళంచెవి నా దగ్గరే ఉంది. రేపు తొమ్మిదింటికి తలుపు తీసి, నలుగురినీ అక్కడికి పిలుస్తాను. మీలో ఎవరూ మాట తప్పలేదు, తప్పింది నేను అని ముందు వాళ్ళకు చెబుతాను. సభకు తర్వాత."

"పిలిస్తే వస్తారా?"

"రారు," అన్నాడు గిల్బర్ట్. "అందుకే ఏడింటికే బయలుదేరి, ఒక్కొక్కరి తలుపూ నేనే కొడతాను."