సరోజ సంతకం

"నీ సంతకం నేనే పెట్టేశాలే, నువ్వు పనిలో ఉన్నావుగా" అన్నాడు పెద్దిరాజు, అన్నంలో చారు కలుపుకుంటూ. గ్యాస్ బండ సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. సొరకాయ తరుగుతున్న సరోజ, దేనికయ్యా అని అడిగింది. రక్తం పట్టే సూదిమందుకట. అది ఏప్రిల్లో మాట. జూన్ వచ్చేసరికి ఆమెకి రెండు సూదులు పడ్డాయి.

రెండోది పడ్డ మూడోనాడు రెడ్డిగూడెం తోటలో మామిడికాయల గంపతో సహా కూలబడిపోయింది. ఒళ్ళంతా దద్దుర్లు, గుండెదడ. రక్తం పట్టేటప్పుడు అట్టాగే ఉంటది అని తేల్చేసింది అత్తగారు, ఆవిడేదో నలుగురికి రక్తం ఎక్కించినట్టు. మూడో సూది కూడా వేయించుకోవాల్సిందే అన్నాడు పెద్దిరాజు. తోట ఆసామి వెంకటకృష్ణారావుగారు మాటిచ్చారట. కొత్తమందు పరీక్షకి ఆసుపత్రివాళ్ళు మనుషులు కావాలంటే, తన తోటలో కూలికొచ్చే ఆడవాళ్ళ పేర్లు పన్నెండు ఆయనే రాయించాడు. ఆ తోటకి మేస్త్రీ పెద్దిరాజు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం!

"ఇంతకీ పరీక్షంటే ఏంటయ్యా?" అంది సరోజ.

"మన చెట్లకి చేస్తారు చూడు, అట్టాంటిదే. కొందరికి మందు, కొందరికి ఉత్త నీళ్ళు. ఎవరికేది పడిందో డాక్టరుక్కూడా తెలీదంట" అన్నాడు, గొప్పగా.

చెట్ల సంగతి సరోజకి తెలియకేం? ప్రతి ఏడూ పూతప్పుడు పురుగుమందుల కంపెనీవాళ్ళు వచ్చి పాతిక చెట్లకి ఎర్ర రిబ్బన్లూ పాతిక చెట్లకి తెల్ల రిబ్బన్లూ కట్టిపోతారు. ఎర్రవాటికి మందు, తెల్లవాటికి నీళ్ళు. పోయినేడు ఎర్రవాటిలో ఆరు చెట్లకి పూత మాడిపోతే, పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయారు. ఏ చెట్టునీ ఎవరూ అడగలేదు. చెట్లుగలాయన్ని అడిగారు, ఆయన సరేనన్నాడు. ఇప్పుడూ అంతేగా. మొగుణ్ణి అడిగారు, మొగుడు సరేనన్నాడు! సరోజకి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిననాడూ ఇదే తంతు. కోసింది ఆమె కడుపు, కాగితం మీద పేరు ఈయనది. ఏడో తరగతి చదివింది ఆమె, ఆ చదువు రేషన్ షాపులో బోర్డు చదవడానికి తప్ప ఎవరికీ గుర్తురాలేదు.

మూడో సూదికి పెద్దిరాజు ఆమెనీ, మిగతా పదకొండు మందినీ హనుమాన్ జంక్షన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. లోపల నర్సు షీబా సిరంజీ తీయబోతుంటే, ముందు నా కాగితం చూపించమంది సరోజ. షీబా ఫైలు తెరిచింది. సంతకం చోట సరోజ పేరు, సాక్షి చోట పెద్దిరాజు పేరు. రెండూ ఒకే చేతిరాత. షీబా సిరంజీ పక్కన పెట్టేసింది.

"మీకు చదివి వినిపించలేదా అండీ?"

"నాకెవరూ చదవలా. ఇప్పుడు చదువు."

తొమ్మిది పేజీలు. దద్దుర్లు, దడ, కళ్ళు తిరగడం, అన్నీ రాసే ఉన్నాయి. వస్తే వెంటనే ఫోను చెయ్యమని నంబరు కూడా ఉంది. ఆమె చేతికి రావాల్సిన కాపీ మొగుడికిచ్చారట, అంటే ఈ మూడు నెలలూ అది ఆయన బండి డిక్కీలో తిరుగుతోందన్నమాట. ఏడో పేజీలో ఒక ముక్క దగ్గర సరోజ ఆపి, మళ్ళీ చదవమంది.

"మీరు ఎప్పుడైనా మానుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. మానుకున్నా మీ వైద్యం ఆపరు."

ముప్పైఆరేళ్ళ బతుకులో ఆమెతో ఎవరూ అనని మాట. పుట్టింటికి వెళ్ళాలన్నా కారణం చెప్పాలి. ఒక్కపూట పడుకున్నా చెప్పాలి. ఒంట్లో బాగాలేదు, నా మీద చెయ్యెయ్యకు అన్నా, ఏమొచ్చిందే నీకు అని అడిగించుకోవాలి.

"సూది వద్దు. ఈ దద్దుర్లు రాసుకో, మందివ్వు. ఆ సంతకం నాది కాదని కూడా రాయి. ఆ కాగితం ఇంకోటి నాకియ్యి."

"మీ ఆయన్ని ఓ మాట అడుగుదామా?"

"దద్దుర్లు ఆయనకి రాలేదమ్మా."

షీబా అన్నీ రాసి, మందూ కాగితం కాపీ ఆమె చేతికిచ్చింది. బయటికొస్తే పెద్దిరాజు ఎదురొచ్చి, అప్పుడే అయిపోయిందా అన్నాడు. మానేశానంది.

"ఎందుకూ? రావుగారికి నేనేం చెప్పాలే?"

"ఎందుకో చెప్పక్కర్లేదంట" అంది సరోజ. వరండాలో వరసగా కూర్చున్న తోట ఆడవాళ్ళు పదకొండు మందీ వినేట్టు, ఏడో పేజీ తీసి పైకి చదవడం మొదలుపెట్టింది.