తగ్గిన నొప్పి

ఎల్లారావంతటి మొండివాడు కొల్లేటి లంకల్లో ఇంకొకడు లేడు. చేప ముల్లు దిగితే పీకి పారేసి వల లాగే రకం. అలాంటివాడు నిన్నటి నుంచి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే భార్య దానమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొదట గ్యాసన్నారు, సోడా తాగించారు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడిపక్కకు దిగి అక్కడే తిష్ఠ వేసింది. చివరికి విజయవాడ మార్కెట్టుకు వెళ్లే సొలొమోను చేపల వ్యానులో అతన్ని ఎక్కించుకుని బయలుదేరింది.

గతుకు తగిలినప్పుడల్లా అతను కేక పెట్టడం, ఆమె మొక్కుకోవడం. తెలిసిన దేవుళ్లందరూ అయిపోయారు. గుణదల కొండ కనిపించగానే, "మేరీమాతా, ఈ నొప్పి తీసెయ్ తల్లీ, తలనీలాలిస్తాను" అంది.

కాసేపటికే ఎల్లారావు కేకలు ఆగిపోయాయి.

"పోయిందే నొప్పి! బండి తిప్పమను. మొక్కు తీర్చేసి ఇంటికి పోదాం."

దానమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సొలొమోను శిలువ గుర్తు వేసుకుని బండి నెమ్మది చేశాడు. దానమ్మ మొగుడి నుదురు తుడవబోతే చెమట చల్లగా తగిలింది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నొప్పి ఉన్నప్పటి కంటే ఎక్కువ భయం వేసిందామెకు.

"ఆపొద్దన్నా! మాత ఎక్కడికీ పోదు. ముందు ఆసుపత్రికి పోనీ."

ఆసుపత్రిలో డాక్టరు శివపార్వతి పొట్ట నొక్కి చూసింది. "నొప్పి ఎప్పుడు తగ్గింది?"

"ఇందాకే, గుణదల దగ్గరండీ," అంది దానమ్మ, డాక్టరమ్మ సంతోషిస్తుందనుకుని.

డాక్టరు ముఖం మారిపోయింది. థియేటరు సిద్ధం చేయమని నర్సును కేకేసింది.

"అపెండిక్సమ్మా. ఒంట్లో ఎక్కడ చెడు చేరినా రక్తం అక్కడికి పరిగెత్తి పోరాడుతుంది. వాపూ సలుపూ అందుకే. వేలు వాస్తే ఉబ్బడానికి చోటుంటుంది. ఇది మూతి మూసుకుపోయిన తిత్తి, ఉబ్బి ఉబ్బి పగిలింది. బిగువు పోయింది గనక నొప్పి తగ్గినట్టుంది. చీము అంతా కడుపులో పడింది."

"నేను తీసెయ్యమంది నొప్పినే గదండీ!" అంది దానమ్మ.

థియేటరు బయట మళ్లీ మొక్కుకుందామంటే నోరు రాలేదు. ఏమడిగితే ఏమవుతుందో!

ఎల్లారావును బయటికి తెచ్చారు. ఉలుకూ పలుకూ లేదు. ఆమె మంచం అంచు పట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎంతకో అతని పెదవులు కదిలాయి.

"అమ్మో... నొప్పే..."

"నొప్పా? గట్టిగా చెప్పయ్యా!" ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

నర్సు నొప్పి తగ్గే ఇంజెక్షను తెచ్చింది. దానమ్మ అడ్డంగా నిలబడింది.

"ఇంకొంచెంసేపు ఉండనివ్వండమ్మా."