చెల్లనిదొకటి, వెయ్యనిదొకటి

సాలమోను పేటలో ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఏకగ్రీవమే. ఏకగ్రీవమంటే ఒకే మెడ. పేటంతటికీ ఉన్న ఆ ఒక్క మెడా సాలమోనుది. దాన్ని ఎటు వంచాలో బంగారరాజుగారు చెప్పేవారు. పోలింగుకి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సాలమోను లేచి నిలబడి, "మాటిచ్చేనర్రా. ఈసారి ఫలానా గుర్తు," అనేవాడు. పోలింగు రోజున ముందు తనూ, వెనక పేటా వరసగా వెళ్ళి ఓట్లేసి వచ్చేవారు.

ఇందుకు పేటకి దక్కింది సారా కాదు, చీరలు కాదు. బాట. రాజుగారి కొబ్బరితోట మధ్య నుంచి సమాధుల దొడ్డికి వెళ్ళే బాట. అది లేకపోతే శవాన్ని ఎత్తుకుని మురుగుకాలవలో దిగాల్సిందే. సాలమోను తండ్రిని అలాగే దాటించారు. ఆ తరవాతే అతను రాజుగారి దగ్గరికెళ్ళి మాటిచ్చి బాట తెచ్చాడు. "చచ్చినోళ్ళ దారికోసం బతికినోళ్ళం ఓట్లేత్తన్నాం, అంతే," అనేవాడు.

అతని కొడుకు వరప్రసాదం అల్లవరం దగ్గర ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. రాజకీయాల మీద మేస్టారికున్న అభిప్రాయం ఒకటే, అభిప్రాయం ఉండకూడదని. పేపర్లో మొదటి పేజీ వదిలేసి వాతావరణం చదివేవాడు. అందులోనూ తుఫాను ఎటు తిరుగుతుందో రాస్తే, మనకెందుకొచ్చిన గాలి అని పేజీ తిప్పేసేవాడు.

మనవడు జోజి అమలాపురంలో బి.ఏ. చదివాడు. తాతకి మాట, తండ్రికి మౌనం, జోజికి మైకు. ఎనభై ఒకటి వేసవిలో, చాలా ఏళ్ళకి, పంచాయితీ ఎన్నికలొచ్చేసరికి పేట వార్డుకి నామినేషను వేసి కూర్చున్నాడు. గొడుగు గుర్తు. బాట రాజుగారి దయగా ఉండకూడదు, పంచాయితీ రోడ్డు కావాలి, ఇదీ అతని కోరిక. రాజుగారు తన తోటలో పనిచేసే సత్యాన్ని నిలబెట్టారు. సత్యం కూడా పేటవాడే. నిచ్చెన గుర్తు.

"గొడుగేంట్రా, గొడవ కాపోతే," అన్నాడు వరప్రసాదం.

"గొడుగే నాన్నగారూ. ఇన్నాళ్ళూ తాతయ్య నెత్తిమీద పడేది వాననుకుంటున్నారు. అది రాజుగారు మేడమీంచి పారబోసిన నీళ్ళు."

"నోరు బాగా తిరుగుద్దిరా నీకు," అన్నాడు సాలమోను. "కాళ్ళు కూడా తిరిగితే బాగుణ్ణు. రాజుగారింటికెళ్ళి దణ్ణవెట్టి వద్దువు."

"మనం మనుషులం తాతయ్యా."

"కాదన్నానేట్రా? మనుషులం కాబట్టే సత్తాం. సత్తాం కాబట్టే బాట కావాలి."

ఇలా తిట్టుకుంటూనే సాయంత్రాలు ఇద్దరూ అరుగుమీద పలక పట్టుకుని కూర్చునేవారు. జోజి పేటలో వయోజనులకి బడి పెట్టాడు. అందులో డెబ్బై దాటిన విద్యార్థి సాలమోను ఒక్కడే. నెల తిరిగేసరికి పేరు రాయడం వచ్చింది. ఇక చూసుకోండి, బొగ్గుతో గోడమీద, వేలితో ఇసకలో, పుల్లతో పాకలో గేదె వీపు మీద పేడలో కూడా సాలమోనే.

ఆ ఏడు పోలింగుకి ముందు ఆదివారం సాలమోను లేవలేదు. పాస్టరుగారు రెండుసార్లు అతనివైపు చూశారు. అతను కీర్తనల పుస్తకం కేసి చూస్తూ కూర్చున్నాడు. రాజుగారికిచ్చిన మాట తప్పలేక, మనవడికి వ్యతిరేకంగా చెప్పలేక నోరు మూసుకున్నాడు. పేట మెడ మొదటిసారి రెండు వైపులా తిరిగింది.

వరప్రసాదం వేరే లెక్కలో పడ్డాడు. మేస్టర్ల బదిలీలు పంచాయితీ సమితి ప్రెసిడెంటు చేతిలో, ప్రెసిడెంటు వియ్యంకుడు బంగారరాజుగారు. జోజికి వేస్తే రాజుగారికి తెలిసిపోతుంది, వెయ్యకపోతే తనకి తెలిసిపోతుంది. ఎలక్షను డ్యూటీ వేస్తే బాగుణ్ణని లిస్టు రెండుసార్లు చూసుకున్నాడు. పేరు లేదు. డ్యూటీ పడలేదని దిగులుపడ్డ మేస్టారు జిల్లా మొత్తానికి అతనొక్కడే అయ్యుంటాడు. అయినా ఇంట్లో, "డ్యూటీ పడిందిరా, ముమ్మిడివరం అవతలెక్కడో," అని చెప్పి, సంచీలో తువ్వాలు పెట్టుకుని పొద్దున్నే అమలాపురం బస్సెక్కాడు. మ్యాట్నీకి వెళ్ళి కూర్చున్నాడు. తెరమీద ఎవరు ఎవర్ని కొట్టారో అతనికి గుర్తులేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి వాకిట్లో భార్య విజయకుమారి గుమ్మానికి ఆనుకుని ఉంది.

"ఏవైంది?"

"ఒక్క ఓటండీ. సత్యానికి నూట పద్నాలుగు, మనోడికి నూట పదమూడు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకోటి చెల్లలేదండి. అది మావయ్యగారిది."

"నాన్నదని ఎలా తెలిసింది?"

"పేరుందండి దానిమీద."

ఓటు కాగితం ఇచ్చేచోట వేలిముద్ర వెయ్యమంటే, "వద్దండి, సంతకవే చేత్తాను," అన్నాడట సాలమోను. చేశాడు. ఆ పెన్ను చేతిలో అలాగే ఉంచుకుని చాటుకి వెళ్ళాడు. గొడుగుమీద ముద్ర సరిగ్గానే గుద్దాడు. గుద్ది, కాగితం చూసుకుని, కింద ఖాళీ కనబడితే అక్కడా పేరు రాశాడు. ఇన్నేళ్ళ బతుకులో అతను చూసిన ప్రతి కాగితమూ, కౌలుదీ, అప్పుదీ, రేషనుదీ, కింద తన గుర్తు లేకపోతే చెల్లదన్నదే. ఓటు కాగితం మాత్రం వేసినవాడి గుర్తు ఉంటే చెల్లదని అతనికెవరూ చెప్పలేదు. నేర్పిన జోజికీ తోచలేదు.

లెక్కపెట్టే ఆఫీసరు ఆ కాగితం పైకెత్తి, "ఇదెవరండీ, ఆటోగ్రాఫు ఇచ్చేరు," అన్నాడట. సత్యం మనుషులు నవ్వారు. తరవాత పేరు చదివారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ పూట సత్యం గెలిచింది. లోకంలో సత్యం గెలవడం అరుదు కనక అందరూ ఆశ్చర్యపోవాలి. ఎవరూ పోలేదు.

మర్నాడు సాలమోను కొడుకుని వెంటబెట్టుకుని రాజుగారి మేడకి వెళ్ళాడు. ఆయన అరుగుమీద పడక్కుర్చీలో ఉన్నారు. గొంతు పెంచలేదు.

"రండి మేస్టారూ. ఏం సాలమోనూ, చదువుకున్నావటగా. సంతకం బావుందన్నారు."

"తప్పైపోయిందండి. మనవడండి."

"తప్పేవుందిరా. రక్తం. నాకు మాత్రం మనవలు లేరా?" రాజుగారు చుట్ట వెలిగించుకున్నారు. "ఇన్నాళ్ళూ నీకు రాత లేదు కనక మనం మాటమీద నడిచేం. ఇప్పుడొచ్చింది. ఇక కాయితం మీదే నడుద్దాం. బాటకి కాయితం ఉందా?"

"లేదండి."

"మరదే. ఏవంటారు మేస్టారూ?"

"ఆయ్," అన్నాడు వరప్రసాదం.

మూడో రోజుకి తోట చుట్టూ ముళ్ళకంచె లేచింది. సత్యమే దగ్గరుండి స్తంభాలు పాతించాడు.

ఓటూ, ఓటమీ ఒక ఇంటిపేరువాళ్ళని ఊళ్ళో అనుకుంటారు గానీ, ఆ ఓటమికి పేటవాళ్ళు సాలమోను పేరే పెట్టారు. కుర్రాళ్ళు ముసలోడి పెన్ను ముంచిందన్నారు. పెద్దవాళ్ళు మాట తప్పి బాట పోగొట్టాడన్నారు. ప్రార్థన గుళ్ళో అతని చోట ఇంకెవరో కూర్చుంటే అతను వెనక గోడదగ్గరికి జరిగాడు.

వారం పోయాక ఒక పొద్దున జోజి అన్నం దగ్గర పేలిపోయాడు. "నాకే వేద్దామనుకుంటే నాతో చెప్పొచ్చుగా తాతయ్యా! చెబితే రాయొద్దనేవాణ్ణి!"

"నీకు తెలవాలని రాసేన్రా," అన్నాడు సాలమోను. కంచం ముందుకి తోశాడు. "నేర్పింది వెనక్కి తీసేసుకో. ఎలా మర్చిపోవాలో అది కూడా నేర్పు."

"తాతయ్య ఓటు చెల్లినా సమానవే అయ్యేదండి," అన్నాడు జోజి తండ్రి వైపు తిరిగి, ఏడుపు ఆపుకుంటూ. "మీకా డ్యూటీ పడకపోతే గెలిచేవాళ్ళం నాన్నగారూ. మన ఖర్మ."

వరప్రసాదం ముద్ద మింగాడు. అప్పుడే చెప్పాల్సింది. ముసలాడి మీద ఉన్న బరువులో సగం దిగేది. చెప్పడానికి నోరు తెరిచి, "మజ్జిగ పొయ్యి," అన్నాడు భార్యతో.

సాలమోను ఆశ్వయుజం వానల్లో పోయాడు. జబ్బేమీ లేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది, మనిషి తగ్గాడు. కడదాకా ఎవరితోనూ ఎన్నికల ఊసెత్తలేదు. ఎవరో వేలిముద్ర అడిగితే వేసిచ్చాడు.

శవపెట్టె ఎత్తుకుని పేట కాలవ దగ్గరికి నడిచింది. కంచె అవతల తోటలో బాట మెరకగా, ఖాళీగా కనిపిస్తోంది. పాస్టరుగారు గట్టున ఆగి ప్రార్థన చేసి పంచె పైకి కట్టారు. ముందు ఒక పక్క జోజి, రెండో పక్క వరప్రసాదం. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, రొమ్ముకి వచ్చాయి. బురద కాళ్ళని లోపలికి లాగుతోంది. పెట్టె మూలనుంచి వాననీళ్ళు వరప్రసాదం చెవిమీదుగా కారుతున్నాయి. రెండు చేతులూ పైనే ఉన్నాయి, ముఖం తుడుచుకోవడానికి లేదు.

"జోజీ," అన్నాడు. "నాకా రోజు డ్యూటీ లేదు."

జోజి నడుస్తూనే ఉన్నాడు.

"సినిమాలో కూర్చున్నాన్రా. భయవేసింది."

వెనక మోసేవాళ్ళు ఎందుకాగారని అరిచారు. ఆగింది వరప్రసాదమే. పెట్టె అతనివైపు ఒరిగింది. జోజి తన భుజం ఇంకాస్త కిందికి పెట్టి దాన్ని సమానం చేశాడు. తండ్రి ముఖం చూడలేదు.

"ఇక్కణ్ణించి లోతు," అన్నాడు, "అడుగు చూసుకుని వెయ్యండి మేస్టారూ."

అవతలి గట్టున గొయ్యి తవ్వినవాళ్ళు డబ్బాలతో నీళ్ళు తోడుతున్నారు.