పాముచెవుల మాస్టారి పరీక్ష

మాస్టారివి పాముచెవులని పేరు. ఆ పేరు పెట్టింది కూడా మాస్టారే. వీధి చివర ఎవరి సైకిలు చైను వదులైందో ఇంట్లో కూచుని చెప్పగలనని ఆయన అనేవాడు. చెప్పమని అడిగినవాళ్లు మాత్రం లేరు. ఇరవై రెండేళ్లుగా బడిలో సంగీతం చెబుతున్నాడు. అది చాలదన్నట్టు ప్రతి శనివారం సాయంత్రం గ్రంథాలయం మేడమీది గదిలో పద్నాలుగు మందిని పోగేసి బృందగానం నేర్పిస్తున్నాడు. దర్జీ, మందుల షాపాయన, రిటైరైన పోస్ట్‌మాన్, ఇద్దరు టీచరమ్మలు, ఇలా ఎవరి పని వాళ్లు ముగించుకుని వచ్చేవాళ్లే అంతా. మాస్టారి భార్య, ఆమె అక్క కూడా అందులో ఉన్నారు.

ఆ వదినగారు ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ల కిందట ఆమె గొంతుకు ఆపరేషన్ అయింది. ఆరు నెలలు పలక మీద రాసి చూపిస్తూ గడిపింది. మాట తిరిగొచ్చినా గొంతులో జీర మిగిలిపోయింది. మళ్లీ పాడగలనా అని ఆమె డాక్టరుకంటే ముందు మాస్టారినే అడిగింది. ఎందుకు పాడలేరు, నేను లేనూ, అని ఆయన మీసం దువ్వాడు. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచే రోజున, తనకు ఆపరేషన్ చేసిన డాక్టరు ముందు, తోటి నర్సుల ముందు ఒక్క పాట నోరారా పాడాలని ఆమె కోరిక. పై అధికారుల చుట్టూ తిరిగి, ఆ రోజు పాడే అవకాశం మాస్టారి బృందానికి ఇప్పించింది కూడా ఆమే.

పాట మాస్టారు కట్టిందే, వాన మీద. పల్లవి నిండుగా వచ్చేది. రెండో చరణంలో స్వరం పైకెక్కే చోట మాత్రం ఏదో ఒక గొంతు కిందికి జారేది. దాని వెంట మిగతావాళ్లంతా జారేవాళ్లు. పాట ముగిసేసరికి పోస్ట్‌మాన్ వాయించే హార్మోనియం ఒక దారి, జనం ఒక దారి. మాస్టారికి ఒళ్లు మండిపోయేది.

దొంగను పట్టుకోవడానికి ఆయన పరీక్ష పెట్టాడు. ఒక్కొక్కరినీ పిలిచి ఆ చరణం పాడించడం, తాను చేతులు కట్టుకుని, కళ్లూ నోరూ మూసుకుని వినడం. ఒక్కరూ తప్పలేదు. వదినగారు కూడా ఆ జీర గొంతుతోనే సూటిగా పాడింది. హమ్మయ్య అనుకుని అందరినీ కలిపి నిలబెట్టి చెయ్యి ఎత్తితే, మళ్లీ అదే జారుడు. మూడు శనివారాలు ఇదే తంతు. నాలుగో శనివారం మాస్టారు మనసులో తీర్పు రాసేశాడు. ఒంటరిగా బాగా పాడి గుంపులో దారి తప్పేది ఆపరేషన్ అయిన గొంతు కాక ఇంకేమిటి? ఆడలేక మద్దెల ఓడన్నవాడికి ఇంతకంటే మంచి మద్దెల ఎక్కడ దొరుకుతుంది!

మెట్ల దగ్గర ఆమెను పక్కకు పిలిచి ఎంతో సున్నితంగా చెప్పాననే అనుకున్నాడు.

"వదినా, ఆ రోజు మీరు పెదాలు ఆడించండి చాలు. పాట మేం లాగేస్తాం."

ఆమె కాసేపు చేతిసంచి పట్టీ సర్దుకుంది. అలాగే మరిదిగారూ అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తరువాతి శనివారం ఆమె పెదాలే ఆడించింది. జారుడు ఆగలేదు. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగి ఆలోచిస్తాడు. మాస్టారు మాత్రం ఆమె చాటుగా పాడేస్తోందనుకుని, పాట మధ్యలో ఆమెకేసి కళ్లెర్రజేశాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తుకోలేనని తనే చెప్పుకుంటాడు.

ఇక సాక్ష్యం ఉండాల్సిందేనని తన ఫోను హార్మోనియం మీద పెట్టి, ఆ సాయంత్రమే పాటంతా మళ్లీ పాడించి రికార్డు చేశాడు. మర్నాడు పొద్దున ఇంట్లో కూచుని విన్నాడు. రెండో చరణం రాగానే ఎగిరి గంతేశాడు. దొంగ దొరికాడు. మగ గొంతు! గట్టిగా, దర్జాగా, ఎవరినీ లెక్కచేయకుండా జారుతోంది. ఎవడీ మహానుభావుడు అని భార్యను కేకేశాడు.

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి మీంచి తల ఎత్తలేదు.

"మీరే."

ఐదుసార్లు విన్నాడు. ఐదుసార్లూ తనే. చెయ్యి ఊపుతుంటే ఆయన నోరు ఊరుకోదు. ముందుండి లాగుతున్నాననుకున్నాడు, లాగింది కిందికి. మాస్టారు ఎటుపోతే అటే కదా అని పాపం అందరూ వెంట వచ్చారు. పరీక్షలో తాను నోరు మూసుకున్నాడు కాబట్టే ఒక్కరూ తప్పలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెతికితే వెతికాడు, ఏ పాపం ఎరగని మనిషి మీద నింద కూడా వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

చెప్పులు వేసుకుని అప్పటికప్పుడు వదినగారింటికి వెళ్లాడు. ఆమె మర్నాటి సభ కోసం యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"తప్పు నాది వదినా. జారేది నా గొంతు."

"తెలుసు," అందామె. "మొదటి శనివారం నుంచీ తెలుసు. అందరికీ తెలుసు."

మరి ఒక్కరైనా చెప్పరా అని మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఆయన ఎదురుగా కూచుంది.

"నాకు మాట లేని ఆ ఆరు నెలలూ రోజూ వచ్చి నా మంచం పక్కన పాడిపోయేవారు గుర్తుందా? అప్పుడూ జారేది. జారుతున్నా ఈయన ఎంత హాయిగా పాడుకుంటున్నాడు, నాకేం తక్కువ అనిపించింది. అలాంటి మనిషిని నోరు మూసుకోమని ఎలా అంటాం? పెదాలు ఆడించమన్న రోజు మాత్రం ఇంటికొచ్చి ఏడ్చాను."

మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి. రేపు పాడండి వదినా అని చేతులు పట్టుకున్నాడు. పాడతాను, కానీ మీరు పెదాలు ఆడించండి చాలు అందామె.

మర్నాడు కొత్త వార్డు ముందు సభ నిండింది. మాస్టారు సభకు వీపు పెట్టి నిలబడి చెయ్యి ఎత్తాడు. పల్లవి అయింది. రెండో చరణం వచ్చింది. వదినగారి జీర గొంతు అందరికంటే ముందు ఆ పై స్వరం అందుకుంది, పదమూడు మందీ దాని పక్కకు చేరారు. ఒక్కరూ జారలేదు. పాముచెవుల మాస్టారు తన బృందాన్ని సరిగ్గా వినడం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక ఆయన గొంతు కాస్త లేవబోయింది.

పాడుతూనే వదినగారు ఆయనకేసి కళ్లెర్రజేసింది. మాస్టారు బుద్ధిగా పెదాలు ఆడించాడు.