రెండు దినాలు బాగుంటాదంట

రెండు దినాల సంబడానికి మూతికి సూదులు పొడిపించుకునేవాళ్ళు కూడా ఉంటారా, గోరింటాకు పెట్టుకుంటే అదే వారం ఉంటుంది, పైగా నొప్పి కూడా ఉండదు, పెద్ద డాక్టరమ్మ అంట, బెంగుళూరంట, అంత చదువు చదివి చివరికి రెండు దినాల మందు పట్టుకుందా తల్లి, అనుకుంటూ సాయిసుధ కిటికీ ఊచకు తల ఆనించేసరికి ప్యాసింజరు బండి ఒక్క కుదుపు కుదిపి ధర్మవరం స్టేషను వదిలింది, ఊచ నుదుటికి టంగుమని తగిలింది, తగిలితే తగిలిందిలే, నుదురుదేముంది, ఈ ముఖంలో లెక్కకు వచ్చేదల్లా పైపెదవి ఒక్కటే, అందులోనూ ఎడమపక్క బియ్యపుగింజంత సొట్ట ఒక్కటే, ఆ సొట్ట కోసమే శనివారం పూట చీరల అంగడికి సెలవు పెట్టి, హిందూపురంలో స్నేహితురాలికి సీమంతమని నాయనకు అబద్ధం చెప్పి ఈ బండెక్కింది, చెప్పేటప్పుడు నాయన ముఖం చూడలేదు, నాయనా ఆమె ముఖం చూడలేదు, ఆయన ఎప్పుడు చూశాడు గనక, హిందూపురం బజారులో ఒక మేడ మీద పార్లరు ఉంది, అక్కడికి నెలకొక శనివారం ఎవరో సారు వచ్చి పెదవిలోకి మందు ఎక్కిస్తాడంట, ఒక్కసారి ఎక్కిస్తే చచ్చేదాకా పోదంట, పర్మనెంటమ్మా పర్మనెంటు, అని పార్లరామె ఫోనులో ఆ మాటను బెల్లం ముక్కలా చప్పరించింది, ధర్మవరంలో పుట్టినవాళ్ళకు ఆ మాటంటే ఎంత ముద్దు, రంగు పర్మనెంటు, జరీ పర్మనెంటు, ఎన్నేళ్ళు కట్టినా ఇట్లే ఉంటుందమ్మా అని రోజూ చీరలు పరిచి చెప్పేది సుధే గదా, పోనిదే మంచిది, పోయేదంతా మోసం, మధ్యాహ్నానికల్లా సొట్ట పూడిపోతుంది, ఇంక జన్మలో కనపడదు, అనుకుంటే సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

భయమెందుకు, ఈ పెదవికి సూది కొత్తా, చిన్నప్పుడే కుట్లు పడ్డ పెదవి ఇది, ఆ పొద్దు నాయన గుంటలో కాళ్ళు పెట్టుకొని మగ్గం నేస్తున్నాడు, సుధ పక్కన నిలబడి ఏదో అడుగుతోంది, ఏమి అడిగిందో ఇప్పుడు గుర్తు లేదు, కొత్త పలక కావాలనో, జాతరకు తీసుకుపొమ్మనో, నాయన తాడు లాగుతూనే ఆమె పక్కకు తిరిగి నవ్వాడు, అటూ ఇటూ పోగును మోసుకుపోయే నాడె ఆ ఒక్క లాగుకు దారి తప్పి ఎగిరి వచ్చి ఆమె మూతి మీద తగిలింది, దాని మొన లోహంది, అమ్మ పరుగెత్తుకొచ్చి కాఫీ పొడి అద్దింది, ఆస్పత్రిలో కాంపౌండరు కుట్లు వేస్తూ ఆడపిల్ల గదప్పా వెంకటప్పా, చూసుకోవద్దా, అన్నాడు, అప్పటినుంచి నాయన ఈ సంగతి మీద ఎప్పుడూ నోరు తెరవలేదు, కుట్లు మానాయి, సొట్ట మిగిలింది, నవ్వితే కుడిపక్క పెదవి లేస్తుంది, ఎడమపక్కది మొండికేసి కూర్చుంటుంది, అదేం ఖర్మో గానీ ఎంత నిండు మనసుతో నవ్వినా చూసేవాళ్ళకు అది ఎకసెక్కమే, మొన్న చెన్నేకొత్తపల్లి నుంచి ఒకామె కూతురి పెళ్ళికి చీర చూడ్డానికి వచ్చింది, ఎర్రంచు చీర మీద ప్రేమగా చెయ్యి వేసి, ధర వినగానే చెయ్యి వెనక్కి తీసుకుంది, అయ్యో పాపమనిపించి సుధ నవ్వుతూ ఇంకో రకం చూపిస్తానమ్మా అంది, అంతే, ఏం పాపా, మేము కొనలేమని నవ్వుతాండావా, సేద్యం చేసేటోళ్ళంటే అంత అలుసా నీకు, అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకొని లేచి వెళ్ళిపోయింది, అది నవ్వు కాదమ్మా, నా మూతే అంత, అని వెనకాల పరుగెత్తి చెప్పాలనిపించింది, ఎవరికని చెబుతుంది, ఎందరికని చెబుతుంది, నవ్వడం మానేస్తే సరిపోతుందనుకుని మానేసింది, మానేస్తే అంగడి షావుకారు ఇంకో పాట ఎత్తుకున్నాడు, ఏమ్మా, పొద్దున్నించీ మూతి ముడుచుకొని కూర్చుంటే గిరాకీలు యాడొస్తాయి, అని, నవ్వితే ఒక తప్పు, నవ్వకపోతే ఇంకో తప్పు, ఛీ, ఆమె ఏమైనా సినిమా తారల పెదవులు అడిగిందా, నవ్వితే నవ్వినట్టు కనపడాలి, అంతకు మించి ఏమీ వద్దు.

బెంగుళూరు నుంచి చీరలకు వచ్చిన ఒకావిడ మాత్రం ఎట్లా కనిపెట్టిందో, అది మచ్చ కదా అమ్మాయ్, మాకు తెలిసిన చర్మం డాక్టరమ్మ ఉంది, అడిగి చూడు, అని నంబరు చెప్పింది, సుధ ఇంటికి వచ్చి అమ్మ చెవిలో గుసగుసలాడుతుంటే మగ్గం చప్పుడు టక్కున ఆగింది, నాయన లేచి వచ్చి, ఆ నంబరు ఇట్ల ఇయ్యమ్మా, నేను అడుగుతా, అన్నాడు, ఆ సొట్ట మాటెత్తని మనిషి, ఎదురుగా కూర్చొని అన్నం తినేటప్పుడు కూడా కంచంలోకే చూసే మనిషి, ఇంత వికారంగా ఉన్నాను కాబోలు, కన్న తండ్రే చూడలేకపోతున్నాడు, అని పదో తరగతిలో ఎన్ని రాత్రులు దిండు తడిపిందో, ఆ మనిషి చొక్కా కూడా వేసుకోకుండా ఓబులేసు అంగడిలో రూపాయి బిళ్ళ ఫోను దగ్గరికి పోయాడు, పోయినవాడు దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు, బాగుంటాదంట, బాగుంటాదంటమ్మా, ఫోనెత్తినాయప్పది కన్నడం, అయినా నాకు తెలిసింది, రెండు దినాలు బాగుంటాదంట, ఆమైన మామూలంట, అన్నాడు, రెండు దినాలేనా, అని అమ్మ అడిగింది, అప్పుడు గానీ తాను చెప్పింది ఆయన చెవిన పడలేదు, ముఖమంతా వాడిపోయింది, అట్లే చెప్పినాడు మరి, అని మెల్లగా మళ్ళీ గుంటలోకి దిగాడు, ఆ తర్వాత గదా సుధ పార్లరామెకు ఫోను చేసింది, ఆ తర్వాత గదా చచ్చేదాకా అనే మాట అంత తియ్యగా వినపడింది.

పెనుకొండలో బండి ఆగింది, కొండ మీద కోట గోడ ఎండకు తెల్లగా మెరుస్తోంది, జరుగు పాపా రవ్వంత, అని తల మీద కొంగు కప్పుకున్న పెద్దామె ఒకతె సంచీతో సహా వచ్చి పక్కన కూలబడింది, అడగకముందే అంతా చెప్పేసింది, పేరు జమీలాబీ, ఊరు అగళి, బాబయ్య దర్గాలో నిన్న శుక్రవారం పూట పడుకొని మొక్కు చెప్పుకొని వస్తోంది, మొక్కు మనుషులకు కాదు, ఎనుముకు, ఆమె మాట్లాడుతూనే ఉంది, సుధ సగం చెవి ఇటు, సగం మేడ మీది పార్లరుకు, ఆ సారు డాక్టరేనా, ఏమి మందు అని అడగలేదే, ఆఁ, ఏ మందైతేనేమి, పోకుండా ఉంటే చాలు, మా ఎనుముకు కెచ్చల బావు పాపా, పాలు పితకనీదు, దూడను దగ్గరికి రానీదు, బావొచ్చి మూడు పొద్దులాయె, నా ప్రాణం యాడుండాదో నాకే తెలీదు, అని జమీలాబీ కళ్ళు తుడుచుకుంటోంది, ఎనుముకు బాగైతే ఈమె ఏడుస్తుందేమిటి, అయోమయంగా ఉంది, బాగైతే మంచిదే గదమ్మా, ఏడుస్తావేంటికి, అని సుధ పైకే అనేసింది, ఓయమ్మ, బాగు గాదు పాపా, బావు, బావు, బావంటే వాపు, మాది కన్నడం పక్క గదా, పొదుగు వాచినా బావే, పన్ను వాచినా బావే, మనిషికి సూదేసిన చోట వాచినా బావే, అదైతే రెండు దినాలుండి పోతాది, మా ఎనుముది పోతేగదా.

సూదేసిన చోట బావు, రెండు దినాలుండి పోతాది, బండి చాకర్లపల్లి దాటిందో మలుగూరు దాటిందో సుధకు తెలియలేదు, రెండు దినాలు బావు, ఆమైన మామూలు, అమ్మా, బెంగుళూరులో ఎవరన్నా ఎరడు దిన బావు ఇరుత్తె అంటే ఏమర్థం, అని జమీలాబీ చెయ్యి పట్టుకుంది, రెండు దినాలు వాచి ఉంటాదని, ఇంకేముండాది, అంది ఆమె, అంతే, సుధకు నవ్వు తన్నుకొచ్చింది, ఓరి నాయనో, నాయనా, నువ్వు విన్నదేమి, ఆయన చెప్పిందేమి, ఆ వాపును పట్టుకొని బాగు బాగు అని వీధంతా పరుగెత్తితివా, నవ్వీ నవ్వీ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, అయ్యయ్యో, ఎనుముకు జబ్బు అని ఏడ్చే మనిషి పక్కన ఈ వంకర నవ్వు, ఈమె కూడా లేచి పోతుందేమో, నిన్ను గాదమ్మా, ఒట్టు, నా మూతే ఇంత, చిన్నప్పుడు దెబ్బ తగిలింది, అని గబగబా మొదలుపెట్టి నాడె దగ్గర్నుంచి పార్లరు దాకా చెప్పేసింది, అప్పుడే పరిచయమైన ఆమెకు, ఎవరికీ ఎన్నడూ చెప్పని ముచ్చట, జమీలాబీ అంతా విని, ఎనుముకు సూదేసే డాక్టరునే నేను ఏం మందప్పా అని అడుగుతాను, నువ్వు మూతికి ఏసేదాన్ని అడగలేదా పాపా, నోరుండాది గదా, అంది, ఆ మాటకు సుధ తిట్టు తిన్నట్టు ఎర్రబడింది, కానీ కోపం రాలేదు.

హిందూపురంలో దిగి, నీ ఎనుముకు బాగైపోతాదిలేమ్మా, ఈ బాగు మా బాగే, అని జమీలాబీని అగళి బస్సు దారి పట్టించి, సుధ పార్లరున్న బజారుకు తిరగకుండా స్టేషను బయట ఫోను దగ్గర నిలబడింది, నంబరు నోటికి వచ్చు, ఫోనెత్తినతను కన్నడంలో ఏదో అన్నాడు, డాక్టరమ్మే కావాలి, అని పట్టుబట్టింది, చివరికి డాక్టరమ్మ వచ్చింది, తెలుగేనా, చెప్పమ్మా, గాబరా పడకుండా చెప్పు, అంది, సుధ అంతా చెప్పింది, ముందు ఆ మేడ ఎక్కకు తల్లీ, అంది డాక్టరమ్మ, డాక్టరో కాదో తెలియదు, మందు పేరు తెలియదు, చచ్చేదాకా పోదు అంటే బాగున్నా పోదు, బాగలేకపోయినా పోదు, గడ్డ కట్టినా, ఎన్నో ఏళ్ళకు పెదవి గట్టిపడినా, తీయాలంటే కోయాల్సిందే, నేను వేసేది కొన్ని నెలలుండి మెల్లగా కరిగిపోతుంది, నచ్చకపోతే ముందే కరిగించడానికి ఇంకో మందుంది, అయితే దానికి ముప్పే లేదని నేను అబద్ధం చెప్పను, వాపు ఉంటుంది, కమిలిపోతుంది, గడ్డలు రావచ్చు, ఎక్కడో ఒకరికి మందు రక్తనాళానికి అడ్డంపడి చర్మం చచ్చిపోవచ్చు, తెల్లబడినా విపరీతంగా నొప్పెట్టినా వెంటనే చూడాలి, అందుకే తెలిసిన చేతుల్లోనే వేయించుకోవాలి, అదీగాక నీది కుట్టు మచ్చ, లోపల అతుక్కొని ఉంటే మందు ఒక్కటే పనిచేయదు, ముందు ఆ అతుకు విడిపించాలి, లేదా నీ ఒంట్లో కొవ్వే కాస్త తీసి పెట్టొచ్చు, లేదా చూశాక ఏమీ వద్దు పో అని కూడా అంటానేమో, చూడకుండా మాట ఇవ్వను, వస్తావా, అని అడిగింది, కరిగిపోతుంది అనే మాట ఇంత చల్లగా ఉంటుందా, ఇన్నాళ్ళూ పోయేదంతా మోసమనుకుందే, పోయే వీలుంటేనే గదా ధైర్యంగా వేయించుకోవచ్చు, నచ్చకపోతే మళ్ళీ తన మూతి తనకు వస్తుంది, వస్తానమ్మా, అంది సుధ, అప్పటికే బిళ్ళలన్నీ అయిపోతున్నాయి.

మిగిలిన ఒక్క బిళ్ళతో ఓబులేసు అంగడికి ఫోను చేసింది, అన్నా, మా నాయనను పిలువు రవ్వంత, అంటే ఆయన అక్కడే బీడీలు కొనుక్కుంటున్నాడంట, ఫోనందుకొని ఏమ్మా, ఏమాయె, యాడుండావు, అని అడిగాడు, సీమంతమూ లేదు ఏమీ లేదు నాయనా, అబద్ధం చెప్పినా, అని మొదలుపెట్టి అంతా చెప్పింది, బావంటే బాగు గాదు నాయనా, వాపంట, రెండు దినాలు వాపుండి ఆమైన తగ్గిపోతాదంట, మందు ఇంకా నెలలుంటాదంట, అని నవ్వుతూ చెప్పింది, ఆయన నవ్వలేదు, వాపా, అన్నాడు, నేను రెండుసార్లు అడిగినానమ్మా, రెండుసార్లూ నాకు బాగు అనే ఇనపడె, అన్నాడు, ఆ పొద్దు కూడా నీకు రెండు దినాలు వాచిండె, నువ్వు నిద్రపోతాంటే పక్కన కూచోని చూస్తాంటి, ఆమైన చూసేదానికి నాకు ముఖం చెల్లలేదు తల్లీ, అన్నాడు, సుధ మనసులో అనుకుంది, పిచ్చి మనిషీ, వికారంగా ఉన్నాననా నువ్వు చూడనిది, కాదు, కానే కాదు, ఇన్నేళ్ళూ ఎవరైనా బాగవుతుందని ఒక్క మాట అంటారేమోనని కాచుకొని ఉన్నావు, ఎవరూ అనలేదు, అందుకే ఎవరో ఏదో భాషలో వాపు అన్నా నీకు అదే వినపడింది, నాయనా, సోమవారం పోదాం, ఇద్దరమూ పోదాం, ఆ డాక్టరమ్మ మందేస్తానన్నా సరే, వద్దన్నా సరే, నువ్వు నా పక్కనే కూచోవాలి, నా ముఖం చూస్తా కూచోవాలి, అంది సుధ, అట్లే తల్లీ, అట్లే కూచుంటా, అన్నాడు నాయన.