లోగోలో నవ్వు

కథ కుదరకముందే హీరోగారి సొంత సినిమా కంపెనీకి లోగో సిద్ధమైంది. నక్షత్రం జారి పసిపాప అరచేతిలో పడుతుంది, పాప కిలకిలా నవ్వుతుంది, ఆ చెయ్యే పెరిగి హీరోగారి పిడికిలై కొండను పిండి చేస్తుంది, దుమ్ములోంచి కంపెనీ పేరు లేస్తుంది.

ఆ నవ్వు చిట్టిది. ఏడాది నిండిన పిల్ల. తండ్రి స్టూడియోలో సినిమాలకి శబ్దాలు కలుపుతాడు. రికార్డింగు గదిలో తల్లి గాజులు తీసేసి, ఊపిరి బిగబట్టి పిల్ల అరికాళ్లకి చక్కిలిగిలి పెట్టింది. ఇంటికొచ్చాక మాత్రం ఉగ్గబట్టుకోలేక వీధి వీధంతా చెప్పింది. చదువు మధ్యలో ఆగిందని తనను తీసిపారేసే తోడికోడలికి రెండుసార్లు చెప్పింది.

రేపు సినిమా విడుదలనగా భర్త అన్నం కలుపుతూ నసిగాడు. లోగోలో మొదటి గొంతు తనది కాకపోతే అభిమానులు నొచ్చుకుంటారని హీరోగారికి తోచిందట. అందుకని పసిపాప నవ్వు ఆయనే నవ్వారట. రోజంతా నవ్వి, మధ్యమధ్య దగ్గి, చివరికి తన నవ్వుకి తానే కరిగిపోయి కళ్లు తుడుచుకున్నారట.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను. పాపకంటే పాపలా ఉంది సార్ అన్నాను."

టిక్కెట్లు కొనేశారు, అత్తగారూ తోడికోడలూ ఇరుగుపొరుగూ అందరూ బయల్దేరుతున్నారు. ఇప్పుడు ఆ నవ్వు చిట్టిది కాదంటే తల కొట్టేసినట్టవుతుంది. ఆమె నోరు మెదపకూడదనుకుంది.

హాల్లో నక్షత్రం జారింది. పాప నోరు తెరవగానే, జలుబు చేసిన పెద్దమనిషి గొంతు నొక్కుకుని నవ్వినట్టు ఖిహ్హిహ్హి అని మోగింది. అత్తగారు కళ్లొత్తుకుంది.

"మా చిట్టే. అచ్చం వాళ్ల తాత నవ్వు."

తోడికోడలు మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక ఊరుకుంటే సరిపోయేది. ఒళ్లో పిల్ల మొహం చూశాక మనసొప్పలేదు.

"అది మా చిట్టి నవ్వు కాదక్కా. హీరోగారిది."

"అంత గడ్డాలూ మీసాలూ ఉన్నాయన పసిపిల్లలా నవ్వుతాడా?" అంది తోడికోడలు జాలిగా. "మరీ అంత అణకువ పనికిరాదమ్మా."

మర్నాటినుంచి వచ్చినవాళ్లంతా చిట్టిని సినిమాలోలా నవ్వమన్నారు. కిలకిలమంటే, ఇది కాదు ఆ నవ్వు అన్నారు. నానమ్మ చేసి చూపించింది. కొన్నాళ్లకి పిల్ల గొంతు బిగించి ఖిహ్హిహ్హి అంది. ఇల్లంతా చప్పట్లు.

తల్లి పిల్లని చంకనేసుకుని వంటగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది.

"నీకెలా వస్తే అలా నవ్వవే తల్లీ. ఎవరూ లేరు."

చిట్టి గొంతు బిగించి అదే నవ్వు నవ్వింది. నవ్వి, చప్పట్లు ఇంకా కొట్టవేమన్నట్టు ఆమె చేతుల వైపు చూసింది.