మసి కోటు ఉతికే చేతులు

"కాలే ఇంట్లోకి దూరేవాణ్ణి నేనైతే, చేతుల మంట నీకా?" అని నవ్వారు మా ఆయన. అత్తయ్య కూడా నవ్వింది. వాళ్లతోపాటు నేనూ నవ్వేసి, బకెట్లో నానుతున్న కోటును మళ్లీ బ్రష్షుతో రుద్దసాగాను. ఆయన అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తారు. మంటలార్పి వచ్చాక మసి పట్టిన కోటు బాత్రూం గుమ్మంలో పడేస్తారు. నీళ్లోడే ఆ కోటు ఎత్తి పిండేసరికి నా నడుం పట్టేస్తుంది. అయినా ఆయన ధైర్యం ముందు నా చేతుల సంగతి ఎత్తడమే చిన్నతనంగా అనిపించేది.

మా ఆడపడుచు ల్యాబులో పనిచేస్తుంది. కాలిన ప్లాస్టిక్కు, రంగులు, పరుపుల పొగ నుంచి రక్షణ దుస్తులకు ఏ రసాయనాలు అంటుకుంటున్నాయో, వాటివల్ల ఒంటికెంత ముప్పో తేల్చడం ఆమె పని. ఈసారి వాళ్లన్నయ్య కేంద్రం వంతు వచ్చింది. ఇంటికొచ్చి కోటు నుంచి నమూనా తీసుకుని, నావైపు తిరిగింది.

"వదినా, చేతులు చాపు."

"నావెందుకు? వేసుకునేది మీ అన్నయ్య కదా!"

"ఉతికేది నువ్వు కదా."

తడి దూదితో నా వేళ్ల సందులూ గోళ్ల అంచులూ ఓపిగ్గా తుడిచింది. పెళ్లయ్యాక నా చేతుల్ని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

"అన్న కోటునే విషమంటావటే?" అంది అత్తయ్య.

"కోటుకంటిన మసినంటున్నానమ్మా. అన్నయ్యనేం అనలేదు."

ఫలితాలు చెప్పే రోజున కేంద్రానికి కుటుంబాలనూ పిలిచారు. అంతమంది మగవాళ్ల ముందు నిలబడి ఆమె చెప్పింది: "ఉతికిన చేతుల మీద కూడా అవే రసాయనాలున్నాయి. జబ్బు వచ్చి తీరుతుందని అనను. ఏళ్ల తరబడి అంటుకుంటే మాత్రం ముప్పే. ఇన్నాళ్లూ వేసుకునేవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాం. ఇళ్లలో ఉతికేవాళ్లను వదిలేశాం. తప్పు మాదే."

"వదిన పార్టీ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె ఫలితాల కాగితాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"సరే, ఆడవాళ్లందరికీ గ్లవుజులు ఇప్పిద్దాం" అన్నారు పై అధికారి. మా ఆయన హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలారు. నా ఆడపడుచు నావైపు చూసి ఆగింది. నా తరఫున తాను మాట్లాడేయకుండా ఆగిన ఆ క్షణానికే ఆమెంటే నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది. లేచి నిలబడ్డాను.

"బట్టలుతికే మిషను పెట్టించండి సార్, ఇక్కడే. ఆ కోటు ఇక మా గుమ్మం ఎక్కదు."

"మిషను వచ్చేదాకానో?" అన్నారు మా ఆయన మెల్లగా.

"గ్లవుజులు ఇస్తామంటున్నారు కదండీ. మీరు తొడుక్కోండి."